ఒడవని చింతగింజలు

"ఇయ్యాల గూడ ఇప్పచెట్టు కిందనేనా?" చాప చంకల బెట్టుకోని మా ఆయన గుమ్మంల నిలబడ్డడు.

"గింజలు ఇంక ఒడవలే, సొరబుర్రల మిగిలే ఉన్నయి. పో," అన్న.

"అయి గింజలా? బుర్రల చింతచెట్టునే ఎక్కించినవా?"

నవ్వకుండ్రి. ఆ గింజలతోనే నా కాపురం కూలబోయింది.

అప్పటికి మా పిల్లగాడు పాలు ఇడవలే. మొదటి కాన్పుకే చావు జూసొచ్చిన, అప్పుడే ఇంకోటంటె నాకు వణుకు. మంత్రసాని ముత్తవ్వనడిగితే లెక్కబెట్టి పది చింతగింజలు చేతుల బోసి, "నెల నడిమిట్ల పొద్దుకొకటి పారెయ్యి బిడ్డా. ఒడిసేదాంక మొగణ్ణి దూరం పండబెట్టు" అన్నది.

సిగ్గుకు అత్తకు చెప్పలే. సొరకాయబుర్రల బోసి దూలానికి ఏలాడగట్టిన. మూతి సన్నం, లోపల ఎన్నున్నయో కనబడది. పొద్దున లేసుడు, కుదుపుడు, ఒకటి పారేసుడు.

పున్నమి బోయింది, అమాస బోయింది. నేను మళ్ళ బయట గూడ కూసున్న. గింజ మాత్రం రానే వస్తుంది! అప్పుడన్న అనుమానం రావాల్నా? రాలే. ముత్తవ్వ చేతి మహిమ అనుకున్న.

ఆయనకు ఓపిక సచ్చింది. "రాత్రి ఎలుగుబంటొచ్చి నా మొకం వాసన జూసింది లచ్చీ. దానికున్న ప్రేమ నీకు లేదు. సుక్మా దిక్కు రాజావారి రోడ్డుపని పడ్డదట. రేపు పోత, వానలదాంక రాను."

పోవద్దనాలనిపించింది. అయినా గింజ గింజే గద! ఆ రాత్రి గూడ చెట్టు కిందికే పంపిన.

ఆయన చాప బట్టుకోని అటు పోంగనే, నేను నీళ్ళ కుండతో ఇంట్లకొస్తే, అత్త బుర్రల చారెడు గింజలు పోస్తుంది.

"అత్తా! ఏం జేస్తున్నవ్?"

"ఏంది గట్ల అరుస్తవ్? వానకాలం ఏంచుకోని తిననీకి దాస్తున్నవని, నేను గూడ రోజు ఇన్ని ఏస్తున్న."

"అయి తినే గింజలు కావు! నీ కొడుకు ఎన్నడు ఇంట్ల పండాల్నో చెప్పే గింజలు!"

వాకిట్ల చింతపండు కొట్టే ఆడోళ్ళంత చెయ్యాపి నన్నే జూసిండ్రు. అత్త మెల్లగ అడిగింది: "అయితే నా కొడుకును ఎలుగుబంట్లకిచ్చింది నేనేనా?"

ముత్తవ్వ మాట తప్పు గాదు, గింజలు ఒడిసేదాంక కడుపు రాలే. ఒడిస్తెగద!

పొద్దు సాక్షిగ ఒట్టేస్తున్న: మొగణ్ణి ఆపే లెక్క ఏది పెట్టినా, ముందు అత్త చెవుల ఏసినంకనే పెడత.

తెల్లారంగనే ఇప్పచెట్టు కాడికి ఉరికిన. మూట కట్టుకోని పోదామని ఆయన లేవకముందే, ఆయన కిందికెల్లి చాప గుంజి, నెత్తిన బెట్టుకోని ఇంటిదారి పట్టిన.