మడతలు పడని మెదడు

1965 జూన్‌లో నన్ను భిలాయి ఉక్కు నగరంలోని ఒక చిన్న ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల గదికి సిస్టర్‌గా వేశారు. స్టాఫ్ నర్సుకు పైన, మేట్రన్‌కు కింద ఉండే హోదా అది.

గది బయట అద్దాల పెట్టెలో రెండు చెక్క మెదళ్లు ఉండేవి, ఒకటి నున్నది, ఒకటి మడతలది. పోతపనికి చెక్క నమూనాలు చేసే ప్యాటర్న్ షాపులో పనిచేసిన మా ఆయన చేసిచ్చినవి. ఆరో నెలలో గర్భంలోని మెదడు గులకరాయిలా నున్నగా ఉంటుంది. నెలలు నిండేసరికి పైపొర లోపలిదానికంటే వేగంగా పెరిగి మడతలు పడుతుంది. తల్లులకు అది తెలియాలని డాక్టరుగారి ఉద్దేశం.

ఖుర్సీపార్ బస్తీలో ఉండే రవణమ్మకు ఏడో నెలలోనే కొడుకు పుట్టాడు. దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాల మధ్య ఉంచి, చుక్కచుక్కగా పాలు పట్టాం. చీకడం వచ్చాక డాక్టరుగారు ఇంటికి పంపమన్నారు. తండ్రి అప్పలరాజు రైలు పట్టాల మిల్లులో ఇన్‌స్పెక్టరు. సంతకం పెట్టనన్నాడు.

"ఏడో నెలంటే ఆ నున్నదాని పక్కదే కదా సిస్టరమ్మా. రోలింగు అవ్వని పట్టాని మేం గేటు దాటనివ్వం."

పుట్టాక కూడా మడతలు పడుతూనే ఉంటాయని డాక్టరుగారు చెప్పారు. చూపించమన్నాడు. ఎక్స్‌రేలో ఎముకే తప్ప మెదడు కనిపించదన్నారు. కనిపించేదాకా ఉంచుకోమన్నాడు. రోజూ డ్యూటీ దిగి వచ్చి, టార్చి వేసి బిడ్డ తల చుట్టూ చూసేవాడు. ఒకరోజు బిడ్డ ఏడుస్తూ నుదురు ముడిచాడు. "మడతలొత్తన్నాయి," అన్నాడు అప్పలరాజు. అది చర్మమని చెప్పాల్సి వచ్చింది.

ఈలోగా పాలివ్వడానికి రోజూ ఇంటి నుంచి నడిచి వచ్చిపోతున్న రవణమ్మకు పాలు తగ్గసాగాయి. ఇంకొన్నాళ్లయితే బిడ్డకు తల్లిపాలు ఉండవని ఆమెతో చెప్పాను. ఆమె తిన్నగా టార్చి దగ్గరకు వెళ్లింది.

"ఏటి సూత్తన్నావు? నీకు మడతలొచ్చాయో నేదో ఎవులు సూసేరు? మీయమ్మ నిన్ను గేటు కాడ ఆపేసిందా?"

అప్పలరాజు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఎవులూ సూణ్ణేదు," అని ఒప్పుకుని సంతకం పెట్టాడు.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వలేదు. ఇన్‌స్పెక్టరుకు మనం రెండే చూపించాం కదా అన్నారు. వారం తిరక్కుండా సగం మడతలున్న మూడో మెదడు చేసిచ్చారు. ఆయన పోయి ఈ వేసవికి ఏడాది.

పెరిగేదాన్ని చూపించేటప్పుడు మొదలూ చివరా చూపిస్తే చాలదని అప్పుడు నేర్చుకున్నాను. మా గదికి వచ్చే బిడ్డలందరూ మధ్యలోవాళ్లే.