పాడ్యమినాటి సముద్రం

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాలో ప్రయాణమంటే పడవే. ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించాక పెళ్ళివారూ పడవలోనే, ధాన్యం బస్తాలూ పడవలోనే, దావాలకి తిరిగేవాళ్ళూ పడవలోనే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూ నడుస్తుంటే, లోపల కూర్చున్నవాడికి తను ముందుకి పోతున్నాడో, కొబ్బరిచెట్లే వెనక్కి నడుస్తున్నాయో తెలిసేది కాదు. అలా తెలియకపోవడంలో ఎంతో హాయి ఉండేది. ఇప్పటి పిల్లలు బస్సెక్కి, దుమ్ము తిని, గంటలో దిగిపోతారు. మిగిలిన కాలం ఏం చేసుకోవాలో తోచక మళ్ళీ బస్సెక్కుతారు. (నాకు బస్సులతో విరోధం లేదు. మోకాళ్ళ నొప్పుల వల్ల నేనూ ఎక్కుతాను.)

మాది పాలకొల్లుకి కాస్త ఎగువన, కాలువ గట్టు మీది పల్లె. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోతే పెదనాన్నా, దొడ్డమ్మా నన్ను పెంచారు. పెదనాన్న రైతు. చేతికర్రా, నడుముకి దోపుకున్న పంచాంగమూ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పొలానికి ఎరువు తోలాలన్నా, ఎద్దుని అమ్మాలన్నా, తలంటుకోవాలన్నా ముందు పంచాంగం విప్పాల్సిందే. ఊరి పురోహితుడు కూడా ఒక్కోసారి మా అరుగు మీదికి వచ్చి, ఏకాదశి ఎప్పుడో కనుక్కుని వెళ్ళేవాడని చెప్పుకునేవారు. (చెప్పుకునేది పెదనాన్నే.)

ఆ పంచాంగం చేతిలో అందరికంటే ఎక్కువ నలిగినవాణ్ణి నేను. నాకు పెళ్ళి చిన్నప్పుడే అయిపోయింది. దాని గురించి నాకు గుర్తున్నదల్లా పల్లకీలో నిద్రపోవడం ఒక్కటే. ఆ తరువాత అమ్మాయిని కాపురానికి తీసుకురావడానికి పెదనాన్నకి మంచి రోజే దొరకలేదు. ఒక ఏడు గురుమౌఢ్యమన్నారు, ఒక ఏడు అధికమాసమన్నారు, ఒక ఏడు గోదావరి పుష్కరాలొచ్చాయి, ఇంకో ఏడు ఏమీ రాకపోతే అదే అనుమానంగా ఉందన్నారు. ఈలోగా నేను రాజమండ్రిలో చదువు పూర్తిచేసి, పాలకొల్లు బళ్ళో పంతులునయ్యాను. ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. చివరికి మాఘమాసంలో తీసుకొచ్చారు. వచ్చిన వారానికే శుక్రమౌఢ్యం పట్టుకుంది! మూఢం విడిచేదాకా శోభనం మాట ఎత్తడానికి వీల్లేదు కనక, ఆవిడ దొడ్డమ్మ దగ్గర గదిలో, నేను వీధరుగు మీద.

పెద్దవాళ్ళ ఎదట మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం అప్పట్లో మహా తప్పు. మా ఇంట్లో పెద్దవాళ్ళు లేని చోటు లేదు. కొత్త కోడలు మావగారితో అసలు మాట్లాడకూడదు. అందుచేత నేను మా ఆవిడ గొంతు వినలేదు. వినలేదంటే బొత్తిగా వినలేదు. పైగా దొడ్డమ్మ, "నీ పెళ్ళాం మహా మాటకారిరా అబ్బాయ్, దాని మాటలకి నా పొయ్యి మీద కూర మాడిపోతోంది" అని రోజూ ఊరించేది. నేను గుమ్మంలోకి రాగానే ఆ మాటలు టక్కున ఆగిపోయేవి. నా కిర్రుచెప్పుల చప్పుడే కారణమనుకుని, ఒకనాడు వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పిల్లిలా వచ్చాను. దొంగ అనుకుని మా కుక్కే నన్ను తరిమింది. లోపల్నించి గాజుల గలగల మాత్రం వినిపించింది.

ఆవిడ పుట్టిల్లు జంగారెడ్డిగూడెం వైపు, మెట్ట సీమ. అడివీ, వాగులూ తప్ప పెద్ద నీళ్ళు చూసి ఎరగదు. "సముద్రంలో ఒక్కసారి కాళ్ళు తడుపుకోవాలని ఉందత్తయ్యా" అని దొడ్డమ్మ చెవిలో వేసింది. దొడ్డమ్మ పెదనాన్న చెవిలో వేసింది. పెదనాన్న పంచాంగం విప్పారు.

"సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకోకూడదే. పర్వదినాల్లోనే. ఎల్లుండి ఫాల్గుణ పౌర్ణమి. మధ్యాహ్నం తిరిగేదాకా ఉంది. ఆ తరవాత పాడ్యమి. చీకటితో బయల్దేరి పాలకొల్లు గుడి, నరసాపురం చూసుకుని, పొద్దెక్కేసరికి అంతర్వేదిలో ఉంటే సముద్రస్నానం. చీకటి పడగానే ఇంట్లో."

చదువుకున్నవాణ్ణి కనక చూసినవన్నీ విడమరచి చెప్పడానికి నన్ను కూడా రమ్మన్నారు. రాత్రంతా నేను ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఇసుకలో ఎక్కడో ఒకచోట పెద్దవాళ్ళు కాస్త వెనకబడకపోతారా, అప్పుడు ఆవిడతో అనాలి: "ఈ అనంత జలరాశిని తిలకించిన నీకు ఏమనిపించుచున్నది?" దానికి ఆవిడ ఏదో ఒకటి అనక తప్పదు కదా! అదీ నా పన్నాగం.

తెల్లవారకుండానే పడవెక్కబోయాం. తాడు లాగేవాడు తుమ్మాడు. పెదనాన్న అందర్నీ వెనక్కి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ తీసుకొచ్చారు. అప్పటికి తూర్పు ఎర్రబడింది. కాలువ మీద పొగమంచు లేస్తుంటే, ఆ మంచులోంచి పాలకొల్లు గాలిగోపురం నెమ్మదిగా, కలలోలాగా బయటికి వచ్చింది. ఎంతసేపు పోయినా అది దగ్గర పడదు, దూరమూ కాదు. దొడ్డమ్మ దండం పెట్టింది. పక్కనున్న మనిషి దండం పెట్టడం మర్చిపోయి చూస్తోందని, నేను గోపురాన్ని చూస్తున్నట్టు నటిస్తూ గమనించాను. గుళ్ళో ప్రదక్షిణాలు బేసి సంఖ్యలో వచ్చాయా సరి సంఖ్యలో వచ్చాయా అని పెదనాన్నకి అనుమానం వచ్చి, మళ్ళీ మొదటినించీ చేయించారు.

నరసాపురం లాకు దగ్గర కాలువ పడవ దిగి, గోదావరి రేవులో తెరచాప నావ మాట్లాడుకున్నాం. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డు కంటికి ఆనీ ఆనకుండా ఉంది. ఇక నా విద్య చూపించే వేళయిందనుకుని నావ అంచు మీదికెక్కి నిలబడి, దొడ్డమ్మ వైపు తిరిగి (నిజానికి దొడ్డమ్మ భుజం వెనకనున్న చీరచెంగు వైపు తిరిగి) ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇక్కడ పూర్వం సముద్రాల మీద తిరిగే ఓడలు కట్టేవారనీ, వలందావాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, వచ్చి వర్తకం చేశారనీ, వాళ్ళ తరవాత ఇంగ్లీషువాళ్ళొచ్చారనీ చేతులు ఊపుతూ చెప్పాను.

"మరి వలందావాళ్ళు ఎందుకు పోయారో చెప్పావు కాదేం?" అన్నారు పెదనాన్న. "గిడ్డంగికి శంకుస్థాపన మూఢంలో చేసుంటారు. వాళ్ళకి చెప్పేవాడేడీ?"

అప్పుడు చీరచెంగు కదిలింది. మా ఆవిడ దొడ్డమ్మ చెవిలో ఏదో గుసగుసగా చెప్పింది. దొడ్డమ్మ విరగబడి నవ్వింది.

"ఏమంటోంది దొడ్డమ్మా?" అన్నాను ఆత్రంగా.

"ఏం లేదులే. నువ్వు కాస్త లోపలికి వచ్చి కూచో" అంది కళ్ళు తుడుచుకుంటూ. నా ఉపన్యాసం అంత హాస్యాస్పదంగా ఉందా అని నా మొహం మాడిపోయింది. చతికిలబడి కూర్చున్నాను.

నావవాడు గెడ పట్టుకుని లేచాడు. "పాటు బాగా తగిలిందండి, నీళ్ళు సముద్రంలోకి లాగేత్తన్నాయండి. ఇప్పుడొగ్గేత్తే గాలక్కర్లేకుండా అంతర్వేదిలో దింపేత్తానండి, ఆయ్."

"ఆగు ఆగు. వర్జ్యం!" అన్నారు పెదనాన్న.

"ఆరెవరండి? ఆరు కూడా వత్తారాండి?"

వర్జ్యం గారు రాలేదు కాని, ఆయన వెళ్ళేదాకా మేం రేవులో కూర్చున్నాం. ఎండెక్కింది. దొడ్డమ్మ పులిహోర మూట విప్పింది. మా ఆవిడ మాటిమాటికీ ఆకాశంలో సూర్యుణ్ణీ, కింద నీళ్ళనీ చూస్తోంది. పౌర్ణమి కరిగిపోతోందని ఆవిడకి తెలుసు. పంచాంగం కోసం ఆగుతుంటే పంచాంగంలోని తిథే దాటిపోతోందని పెదనాన్నతో చెప్పగలిగినవాళ్ళెవరు? నేను చెప్పాలి. మొగుణ్ణి కదా. గొంతు సవరించుకుని లేచాను. ఆయన నా వైపు చూశారు. "మంచినీళ్ళు కావాలా పెదనాన్నా?" అని అడిగి కూర్చున్నాను.

వర్జ్యం వెళ్ళాక నావ కదిలింది. మనిషికి మాట అక్కర్లేని ప్రయాణం అది. కొబ్బరితోటలు తగ్గి, మడచెట్లు వచ్చాయి. మడచెట్లు పోయి ఇసుక మేటలు వచ్చాయి. వాటి మీద తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని చూశాయి. గాలిలో ఉప్పు తెలిసింది. నది ఎక్కడ ఆగిందో తెలియకుండా వెలుగులో కలిసిపోయింది. అంతర్వేదిలో తీర్థం వెళ్ళి నెల కావస్తోంది. రథం ఒంటరిగా నిలబడి ఉంది, వాడిపోయిన తోరణాలు గాలికి ఊగుతున్నాయి. స్వామి దర్శనం చేసుకుని, తాటితోపులోంచి ఇసుకలో పడి నడిచాం. ఒక దిబ్బ ఎక్కేసరికి సముద్రం.

నా వాక్యం నాకు గుర్తు రాలేదు. మా ఆవిడ చెంగు తల మీంచి జారింది. సర్దుకోవడం మర్చిపోయింది. గబగబా దిబ్బ దిగి నాలుగడుగులు ముందుకి వేసిందో లేదో, "ఆగాలి, ఆగాలి!" అని పెదనాన్న కేకేశారు. ఇసుకలో నిటారుగా నిలబడి, తన నీడని అడుగులతో కొలుచుకున్నారు. తల అడ్డంగా ఆడించారు.

"పౌర్ణమి వెళ్ళిపోయింది. పాడ్యమి. ముట్టుకోడానికి వీల్లేదు."

"నీడ వంకరగా కొలిచారండీ. మళ్ళీ కొలవండి" అంది దొడ్డమ్మ.

ఆయన మళ్ళీ కొలిచారు. ఈసారి ఇంకా పొడుగొచ్చింది. పిల్ల మొహం చూసి ఆయనకీ జాలేసిందనుకుంటాను, గొంతు తగ్గించి, "చూడ్డానికి దోషం లేదు. కరువుతీరా చూసుకోమను" అన్నారు. కర్రతో ఇసుకలో పొడుగ్గా గీత గీసి, "ఇది మాత్రం దాటకూడదు" అన్నారు. నలుగురం ఆ గీత వెనక వరసగా, ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాళ్ళలా నిలబడ్డాం. అంత దూరం వచ్చి, కాళ్ళు పొడిగా పెట్టుకుని నిలబడిన ఆ పిల్లని చూస్తే నా గుండె కలుక్కుమంది. పాలకొల్లు బళ్ళో పిల్లల్ని గడగడలాడించే పంతుల్ని, ఒక్క మాట అనలేకపోయాను.

అయితే పోటు మొదలైందని మేమెవరం చూసుకోలేదు. పెదనాన్న సముద్రానికి వీపు తిప్పి, పంచాంగం చేతపట్టి, సాగరుడి మహిమ చెబుతున్నారు. ఒక అల వచ్చి గీతకి బారెడు దూరంలో ఆగింది. ఇంకొకటి వచ్చి జానెడు దూరంలో ఆగింది. మూడోది ఆగలేదు. గీత చెరిపేసి, మమ్మల్ని మోకాళ్ళ దాకా ముంచి, పెదనాన్నని వెనకనించి తోసి, ఒక చెప్పు తీసుకుని వెళ్ళింది. ఆయన పంచెకట్టు పైకెత్తి "పాడ్యమి! పాడ్యమి!" అని సముద్రానికే చెబుతూ దిబ్బ మీదికి పరుగెత్తారు. పంచాంగం నీళ్ళలో పడింది. దొడ్డమ్మ నన్ను పట్టుకుంది. నేను పట్టుకోవాల్సిన మనిషి మాత్రం కదలకుండా, కళ్ళు మూసుకుని, కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే అలాగే నిలబడింది. వంగి పంచాంగం తీసింది.

"ఎందుకు ముట్టుకున్నారు? ఎవరు ముట్టుకోమన్నారు?" అని దిబ్బ మీంచి గర్జించారు పెదనాన్న.

అప్పుడు వినిపించింది. సన్నగా, కొంచెం బొంగురుగా, నవ్వు ఆపుకుంటున్న గొంతు.

"మేం ముట్టుకోలేదండీ మావయ్యగారూ. అదే వచ్చింది."

కోడలు మావగారితో మాట్లాడింది! దొడ్డమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెదనాన్న తడిసిన పంచాంగం అందుకుని, అతుక్కుపోయిన కాగితాలు ఒక్కొక్కటే ఊడదీస్తూ చాలాసేపు చూశారు. మనం సముద్రాన్ని ముట్టుకుంటే దోషం. సముద్రం మనని ముట్టుకుంటే?

"దానికి ఇందులో ఏమీ రాయలేదే" అన్నారు చివరికి, చిన్నపిల్లాడిలా. తరువాత ఒంటి చెప్పుతో వచ్చి మా పక్కన నిలబడ్డారు. నాలుగో అలకి ఆయన పరుగెత్తలేదు.

తిరుగు ప్రయాణంలో పోటే మమ్మల్ని ఎగువకి మోసుకొచ్చింది. గోదావరి మీద చంద్రుడు పళ్ళెమంత లేచాడు. పాడ్యమి చంద్రుడైనా నాకేమీ లోటు కనిపించలేదు. పెదనాన్న పంచాంగాన్ని తెరచాప కింద ఆరబెట్టుకుని కునుకు తీస్తున్నారు. దొడ్డమ్మ గురక పెడుతోంది. (దొడ్డమ్మకి గురక అలవాటు లేదు. అది నాకూ తెలుసు, నా పక్కనున్నవాళ్ళకీ తెలుసు.) నేను రాత్రంతా వల్లించిన వాక్యం అప్పుడు బుద్ధిగా గుర్తొచ్చింది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పొద్దున దొడ్డమ్మ చెవిలో ఏం చెప్పావు?"

తల తిప్పకుండానే, "చేతులూపుకుంటూ అంచు మీద నిలబడ్డారు కదండీ. పంతులుగారు పాఠం చెబుతూ నీళ్ళలో పడిపోతారేమో, కాస్త పట్టుకోండత్తయ్యా అన్నాను" అంది.

నా జన్మలో నాకు అంత సంతోషం మరి కలగలేదు.

ఇప్పుడు పెదనాన్నా లేరు, దొడ్డమ్మా లేదు. ఆయన పంచాంగం పిచ్చి మాత్రం ఎలా వచ్చిందో నాకు వచ్చేసింది. మా మనవలు నన్ను వర్జ్యం తాతయ్య అంటారు. మా ఆవిడ ఊరగాయ జాడీ పగిలినా, నా కళ్ళజోడు విరిగినా, "నేను ముట్టుకోలేదండీ, అదే వచ్చింది" అంటుంది.

మొన్న ఇద్దరం మళ్ళీ అంతర్వేది వెళ్ళాం. బస్సులోనే. దిబ్బ దిగి, తడి ఇసుక మొదలయ్యే చోట ఆగాం. "ఇవాళ ఏం తిథండీ?" అని అడిగింది. పొద్దున చూసుకునే బయల్దేరాను, నవమి.

"చూడలేదే" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, అక్కడే ఇసుకలో కూర్చుంది. నేనూ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కన కూర్చున్నాను. పోటు వేళ. ఇద్దరం కాళ్ళు చాపుకుని ఎదురుచూశాం.