మేకల దొడ్డిలో శుక్రవారం

మొన్న శుక్రవారం మా అల్లుడు కారు ఆపి తలుపు తీయగానే, ఎన్నాళ్లుగానో మరిచిపోయాననుకున్న కంపు గుప్పున ముక్కుకు కొట్టింది. కబ్ద్ ఎడారిలో జాఖూర్ అద్దెకు తీసుకున్నాడు. జాఖూర్ అంటే మేకల దొడ్డి; సున్నం కొట్టి, రంగుదీపాలు వేలాడదీసి, మేత తొట్టి మీద అద్దం పరిచి బల్ల చేసి, సిటీలో సాల్మియా ఫ్లాట్లలో విసుగెత్తినవాళ్లకు పల్లెటూరి సెలవు అని అంటగడుతున్నారు. వంట కూడా మనమే చేసుకోవచ్చమ్మా అని మా అమ్మాయి మురిసిపోతుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. డబ్బిచ్చి మరీ మేకలు పడుకున్నచోట పడుకునే ఈ వెర్రి ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నాలా కోనసీమ నుంచి ఈ అరబ్బు దేశానికి ఇళ్లపనికి వచ్చిన నా తోటివాళ్లకు ఈ దొడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. సల్వాలో నేను పనిచేసిన ఇంటివాళ్లకూ ఇలాంటిదే ఉండేది. చలికాలం రాగానే మేకల్ని పక్కకు తోలి, పెంటికలు ఎత్తించే ఓపిక లేక పైన ఇసుక చల్లి, ఆపైన ఎర్ర తివాచీలు పరిచి సెలవుకు దిగేవారు. మా యజమానురాలు, అందరిలాగే నేనూ మామా అని పిలిచే ఆవిడ, మనమే వండుకుందాం అని సరదాపడేది. ఆ వండుకోవడమంటే ఆవిడ తివాచీ మీద చాయ్ తాగడం, నేను పొగలో నిలబడి చావడం. దుప్పటి దులిపితే మేకవెంట్రుకలు, పళ్లెం కడిగితే మేకవెంట్రుకలు, సగం తిని ఇసుకలో పారేసిన మాంసం మీద ఈగలు.

ఇక్కడ సెలవు శుక్రవారం గనక మనకు చర్చి ఆరాధన కూడా ఆ రోజే కదా. అప్పట్లో వేరే ఇంట్లో పనిచేసే మా అక్కను నేను కళ్లారా చూడగలిగేది అక్కడే, ఆ మెట్ల మీదే. ఒక చలికాలం అక్కకు జబ్బు ముదిరి, వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోతోంది. ఆ శుక్రవారమే ఆఖరు. వంట కాగానే సాయంత్రం ఆరాధనకు డ్రైవరు దింపేలా మామాను బతిమాలి ఒప్పించుకున్నాను. మాంసం అన్నం దింపి, పెద్ద పళ్లెంలో సర్ది, చెప్పులు కూడా వేసుకున్నాను.

అప్పుడే వాన మొదలైంది. రేకుల సందుల్లోంచి నీళ్లు కారి, తివాచీల కింద కప్పెట్టిన పెంటికలన్నీ నాని, ఒక్కసారిగా కంపు లేచింది. మామా ఆడపడుచు ముక్కు మూసుకుని, మాంసం కుళ్లిందని పళ్లెం పక్కకు నెట్టింది. మామా నావైపు చూసి, ఖలాస్, ఇక చాలు, పారేసి మళ్లీ వండు, యల్లా, తొందరగా అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ డ్రైవరు, కడప అన్న, తల కొట్టుకున్నాడు.

“కూట్లో యాడుండాది చెల్లెమ్మా వాసన, వాళ్ల కిందనే ఉండాది. మనం చెప్తే ఎవురింటారు?”

మళ్లీ వండాను. కారెక్కి వెళ్లేసరికి చర్చి గేటు మూసేశారు. అక్క మెట్ల మీద చివరిదాకా కూర్చుని వెళ్లిందని కాపలాదారు చెప్పాడు. నాకు ఏడుపు కూడా రాలేదు, ఒంటికి పట్టిన ఆ కంపుకు అసహ్యమే వేసింది. నేను సెలవు మీద ఊరికి వెళ్లేసరికి అక్క సమాధి మీద గడ్డి మొలిచింది.

ఇదంతా తలచుకుంటూ మొన్న ఆ మేత తొట్టి పక్కన కూర్చున్నాను. మా ఇంట్లో పార్ట్‌టైం చేసే రాజోలు పిల్లను కూడా అమ్మాయి వెంట తెచ్చింది. ఆ పిల్ల ఉల్లిపాయలు కోస్తూ మాటిమాటికీ ఫోన్లో టైం చూసుకుంటోంది. ఏమిటని అడిగాను.

“సాయంత్రం ప్రార్థనుందండి. వంటయ్యాక పంపుతానన్నారండి మేడంగారు.”

నాకు మళ్లీ కంపు కొట్టింది. ఈసారి కంపు మేకలది కాదు, మా ఇంటిదే. కత్తి లాక్కుని, ఆ పిల్లను ఇప్పుడే దింపి రమ్మని అల్లుడికి చెప్పాను. మరి వంట ఎవరు చేస్తారమ్మా అని అమ్మాయి గింజుకుంది.

“మనమే అన్నావుగా!”

కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. అమ్మాయి ముఖం ముడుచుకుని ఉల్లిపాయల ముందు కూర్చుంది. దొడ్లకు రంగులు వచ్చాయి, దీపాలు వచ్చాయి, మనలో కొందరం వండించుకునేవాళ్లం కూడా అయ్యాం. ఆ రోజు ఎవరైనా ఒక్కరు నా చేతిలో గరిటె అందుకుని ఉంటే, మా అక్క ఆ మెట్ల మీంచి ఒంటరిగా లేచి వెళ్లేది కాదు.