ఇప్పనూనె ముఖం

ఈ ఏడు వానలకు మా ఊరు బామ్నిలో మా ఇంటి వెనక గోడ పూత పెచ్చులుగా ఊడిపోయింది. పెంకులు సర్దుదామని వెళ్లినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. మట్టి కింద నుంచి చిన్నమ్మ గీసిన బొమ్మలు మళ్లీ బయటికొస్తున్నాయి.

నా చిన్నప్పుడు చిన్నాయన ప్రాణహిత నదిలో పడవ బోల్తాపడి పోయాడు. శవం దొరకలేదు. ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు. కొన్నాళ్లు నాట్లకు వెళ్లొచ్చిన చిన్నమ్మ, ఒకరోజు దీపం మసిని ఇప్పనూనెలో కలిపి, సున్నం వేసిన ఆ గోడ మీద గీయడం మొదలుపెట్టింది. నీళ్ల అడుగున తలుపులు. పాదాల్లోంచి చెట్టువేర్లు దిగిన మనిషి. కడుపులో పడవ ఉన్న ఆడది, ఆ పడవలో మళ్లీ ఆమే. ఎవరికీ ముఖం ఉండేది కాదు. నాకు చచ్చేంత భయం, అయినా చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. పులిని కూడా ఎగతాళి చేసే మా నాయనమ్మ, ఇంటి వెనక్కి వెళ్లి పిడకలు తెచ్చే పని మా నాయనకు అప్పగించింది. ఆయన భయం లేనట్టు గట్టిగా దగ్గుకుంటూ వెళ్లేవాడు.

"ఏందే పిల్లా గీ బొమ్మలు? ఇది ఇల్లా, వల్లకాడా?" అని నాయనమ్మ ఒకనాడు గద్దించింది.

"నీ కొడుకు మొఖం యాదికొస్తలేదత్తా. కండ్లు మూస్తే నీళ్లే కనబడుతున్నయ్. గీసుకుంట పోతే వస్తదేమోనని చూస్తున్న" అంది చిన్నమ్మ.

ఆ మాటతో నాయనమ్మ గోడను అలాగే వదిలేసింది. కానీ దసరా వచ్చింది. మా వైపు దసరాకు అలకని గోడ ఉందంటే ఆ ఇంట్లో మైల పోనట్టే. చిన్నమ్మ పొలం వెళ్లిన పూట నాయనమ్మ ఎర్రమట్టి కలుపుకొని ఆ గోడ అలకడం మొదలుపెట్టింది. చివరి బొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగడం నేను చూశాను. దానికి ముఖం ఉంది. అచ్చం చిన్నాయనే. ఆమె కళ్లు గట్టిగా మూసుకొని, దాని మీద రెండు పూతలు వేసింది.

సాయంత్రం చిన్నమ్మ తడి గోడను చూసి, "ఇయ్యాల పొద్దుగాలనే వచ్చిండత్తా" అంది. అంతే. మళ్లీ గీయలేదు. ఆ ఇద్దరూ నాయనమ్మ పోయేదాకా ఒకే పొయ్యి మీద వండుకొని తిన్నారు. ఏటా ఆ గోడకు పూత పడుతూనే ఉంది.

నూనె ఎక్కువ ఉన్నచోట మట్టి ముందుగా ఊడినట్టుంది, ముఖమే అన్నిటికంటే స్పష్టంగా తేలింది. ఇప్పుడు ముసలిదైపోయిన చిన్నమ్మను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను. చాలాసేపు చూసి, ఆ బొమ్మ చెంప మీద వేలు పెట్టింది.

"మంచిగున్నడు. ఎవలు బిడ్డా?"

"చిన్నాయన గదా, చిన్నమ్మా."

"ఊకో" అని నవ్వింది. "ఆయన గింత పిలగాడా?"

నాయనమ్మ మట్టి ఆ ముఖాన్ని దాచింది, అంతే. చిన్నమ్మ మనసులోంచి చెరిపింది మాత్రం కాలమే.