ఎర్రమట్టికి దారి

నా చిన్నప్పుడు వానాకాలమంటే మా ఇంట్లో అందరికీ దిగులే. విశాఖకి ఉత్తరాన, సముద్రపుటొడ్డున ఎర్రమట్టి గట్టు మీద ఉండేది మా ఇల్లు. పక్కనే గెడ్డ. వాన పడినప్పుడల్లా ఆ వాగు గట్టును కోసుకుంటూ ఎర్రగా సముద్రంలోకి దూకేది. ఏటేటా మా పెరడు కొంత తగ్గిపోయేది.

ఇల్లు దక్కించుకోవాలని నాన్న తాటిదుంగలు, రాళ్లు వేసి గెడ్డకి అడ్డుకట్ట కట్టాడు. గట్టు నిలిచింది. కానీ రెండేళ్లకి కింద ఒడ్డు సన్నబడింది. మా ఊరివాళ్లు ఇసుక మీద నిలబడి, రెండు వైపులా తాళ్లు పట్టి పెద్దవల లాగేవారు. ఇసుక పోయి రాళ్లు తేలాయి, వల చిరిగింది. సంద్రానికి కోపమొచ్చిందని అందరూ అమ్మవారికి కోడిని మొక్కుకున్నారు. మా తాతయ్య మొక్కలేదు.

నేను పగలగొట్టిన నీలం పింగాణీ కప్పు ముక్కలు మూటగట్టి, నన్ను గెడ్డ దగ్గరకు తీసుకెళ్లాడు. సగం కట్టకి ఎగువన, సగం దిగువన నా చేతే వేయించాడు.

"ఏటికి తాతా ఇది?"

"వానలెల్లేదాక నోరు మూసుకొనుండు గుంటా."

"తరవాత?"

"తరవాత నువ్వే సెప్తావు."

వానాకాలం పోయాక వెతికాం. కట్టకి దిగువన వేసిన ముక్కలు మూడు ఒడ్డున దొరికాయి, అంచులు కాస్త అరిగి. ఎగువన వేసినవి కట్ట వెనక, మోకాలి లోతు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. తాతయ్య నాన్నని పిలిచి, ఆ ఇసుక గుప్పెడు తీసి చేతిలో పోశాడు.

"మన ఒడ్డు ఇక్కడ కూకుందిరా."

"కట్ట తీత్తే ముందు పోయేది మనిల్లే అయ్యా" అన్నాడు నాన్న.

"ఇల్లు జరుపుకుందాం. ఒడ్డుని జరపగలవేటి?"

ఆ ఇల్లు తాతయ్య తన పెళ్లికి కట్టుకున్నది. మా నాయనమ్మ అందులోనే కన్నుమూసింది. మర్నాడు పొద్దున్నే ఆయనే పైకెక్కి ఇంటికప్పు తాళ్లు కోశాడు. ఆ తర్వాత నాన్న దుంగలు పీకాడు. వెనక్కి, సరుగుడు తోట పక్కన మళ్లీ కట్టుకున్నాం. మరుసటి వానలకి మా పాత పొయ్యి ఉన్న చోటు గెడ్డలో కూలిపోయింది. తాతయ్య తడుస్తూ నిలబడి, ఆ ఎర్రనీళ్లు సముద్రంలో కలిసేదాకా చూశాడు. ఆ ఏడాదికి కాదుగానీ, పై ఏటికి మావాళ్లు మళ్లీ ఇసుక మీద వల లాగారు.

నేను చదివింది అయిదో తరగతే. పెళ్లయి విశాఖలోని మల్కాపురం వచ్చాక గ్రంథాలయమే నా బడి అయింది. నదులూ, విరిగిపడే గట్లూ తెచ్చే మట్టిని అవక్షేపం అంటారని అక్కడే చదివాను. బురదను అలలు దూరంగా తీసుకుపోతాయి, ఇసుక ఒడ్డును పట్టుకుని సాగుతుంది. కొత్త మాట నేర్చానని పొంగిపోయాను. పుస్తకం మూశాకగానీ గుర్తు రాలేదు, ఆ పాఠం నాకు ముందే వచ్చని.

ఇప్పుడు కోసుకుపోయిన నగరం ఒడ్డున ఓడలు గొట్టాలతో ఇసుక పోస్తుంటే జనం ఆగి చూస్తారు. నేనూ చూస్తాను. నా లైబ్రరీ కార్డు పెట్టుకునే సంచిలో ఒక నీలం పింగాణీ ముక్క ఉంది. ఏదైనా నాదేనని అడ్డుకట్ట వేయబోయినప్పుడు దాన్ని తడుముకుంటాను. దిగువన ఎవరు వల పట్టుకుని నిలబడి ఉన్నారోనని.