మావయ్యకి అప్‌డేట్ పడదు

షాపులో అప్‌డేట్ అన్న మాట వినిపిస్తే చాలు, మావయ్య అగ్గిమీద గుగ్గిలమైపోయేవాడు. కరపత్రాలు, విజిటింగ్ కార్డులు అచ్చువేసే ఆ ఇరుకు షాపులో ఉన్నది ఒకటే కంప్యూటరు. కొన్ననాడు వేసిన సిస్టమే దానికి ఇప్పటికీ దిక్కు. తెరమీద "అప్‌డేట్ చెయ్యమంటారా?" అని కనబడగానే, వచ్చినవాళ్ల ముందే దానితో తగువుకు దిగేవాడు.

"నిన్ననేగా వద్దన్నాను? సిగ్గులేదూ నీకు?"

రేపు మళ్లీ గుర్తుచేస్తానని అది మర్యాదగానే చెప్పేది.

"రా, రేపు రా! నీ సంగతి చూస్తా!"

మేనల్లుడిది కంప్యూటర్లు బాగుచేసే వృత్తి. అందరి మెషిన్లూ దారిలో పెట్టి, సొంత మావయ్య దగ్గర పరువు పోగొట్టుకుంటున్నానని అతని బాధ.

"కొత్త సిస్టమ్ వేస్తే చకచకా నడుస్తుంది మావయ్యా."

"దానికంత తొందరేం? ఎక్కడికి పోవాలిట?"

ఒకరోజు కంప్యూటరు మొరాయించింది. మావయ్య కాగితం కొనడానికి వెళ్లిన అదను చూసి, అల్లుడు ఫైళ్లు కాపీ చేసుకుని, పాతది తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించాడు. అదైనా సుఖంగా ఎక్కిందా? సగంలో ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది, పక్కనే ఉన్న ప్రింటరెవరో తనకు తెలియదంది. నానా తిప్పలూ పడి దారికి తెచ్చాడు.

అప్పుడొచ్చి కూర్చుంది టైపిస్టు పెద్దావిడ. షాపు తెరిచిన నాటినుంచీ అందులో ప్రతి అక్షరం ఆవిడ కొట్టిందే. ఆవిడ చేతికి అలవాటైన పాత టైపింగ్ ప్రోగ్రాము ఈ సిస్టమ్‌లో తెరుచుకోనే లేదు. కొత్త ప్రోగ్రాములో ఏ కీ నొక్కినా వేరే అక్షరం పడుతోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకుంది.

"ఇప్పుడు నేనేం నేర్చుకోగలను నాయనా? ఇక ఇంటికి పోవాల్సిందేనేమో."

సరిగ్గా అప్పుడే వచ్చిన మావయ్య ఆవిడ చేతులు చూశాడు, తెర చూశాడు, కాగితం కట్ట దభీమని కింద పడేశాడు.

"ఎవడు మార్చమన్నాడురా? పాత కీలు లేకపోతే నాకు చెయ్యాడదు! నా షాపులో ఈ కొత్త వేషాలు చెల్లవు, ముందు పాతది ఎక్కించు!" ఆవిడవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి అక్కయ్యగారూ. నా మొండితనంతో ఇవాళ మీ పని ఆగింది."

అల్లుడు నోరు తెరిచాడు. మావయ్యకి అసలు టైపింగే రాదు! పైగా, ఆయన జేబులోని ఫోనుకి ఏ అప్‌డేట్ వచ్చినా ఆ రోజే పట్టుబట్టి వేయించుకుంటాడు. వేసిపెట్టేది తనే, అయినా ఇన్నాళ్లూ తన బుర్రకు తట్టలేదు. వెంటనే పనిలోకి దిగాడు.

పాత సిస్టమ్ ఎక్కేసరికి సాయంత్రమైంది. పెద్దావిడ వేళ్లు కీలమీద టకటకలాడాయి. ప్రాణం కుదుటపడ్డాక అల్లుడి వైపు చూసి నిట్టూర్చింది.

"మీ మావయ్యతో వేగలేం నాయనా. ఈయన మొండిపట్టు లేకపోతే, నేనెప్పుడో కొత్తది నేర్చేసుకునేదాన్ని!"

"అవునండీ," అన్నాడు మావయ్య తలొంచుకుని, "తప్పంతా నాదే."