గుండ్రటి దుంగ మీద సారలమ్మ

మా డాడీ అంద్రెయ గని ఆఫీసులో క్లర్కుగా రిటైరయ్యాడు. సెంటినరీ కాలనీలో క్వార్టర్ ఖాళీ చేస్తూ ట్రంకుపెట్టె బోర్లిస్తే, అట్ట ఊడిపోయిన ఆ బొమ్మల పుస్తకం బయటపడింది. బయట కొత్త రాష్ట్రం వచ్చిందని డప్పులు మోగుతున్నాయి. నేను సామాను సర్దడం మానేసి నేల మీదే కూర్చుని మొత్తం చదివేశాను. ఉన్నవి ముప్పై రెండు పేజీలే. జిమ్నాస్టిక్స్ నేర్చుకునే ఒక చిన్నపిల్ల కథ. ఎత్తున్న సన్నటి కట్టె మీద నడవాలని ఎక్కుతుంది, పడుతుంది, ఏడుస్తుంది, ముక్కు తుడుచుకుని మళ్లీ ఎక్కుతుంది. ఇరవై రెండేళ్లొచ్చినా ఆ పిల్ల పడ్డ పేజీ దగ్గర నా గుండె గుభేలుమంది.

పుస్తకం నాదే గానీ కథ మాత్రం సారలమ్మది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

సారలమ్మ మా పక్క క్వార్టర్ పిల్ల. వాళ్ల అమ్మ పోశవ్వ మేడారం జాతరకు పోయొచ్చాక పుట్టిందని ఆ పేరు పెట్టారు. రెండు వేల మూడులో మేమిద్దరం ఆరో తరగతి. డాడీ మంచిర్యాలలో కొనిచ్చిన పుస్తకాన్ని నేను గడప దాటనిచ్చేదాన్ని కాదు. చూడాలంటే చేతులు కడుక్కుని మా వరండాలో కూర్చోవాలి, పేజీ నేనే తిప్పాలి. అంత పిసినారిని. సారలమ్మ అలగలేదు, బొమ్మలన్నీ కళ్లతోనే మింగేసింది. ఒకరోజు మా ప్రహరీ గోడెక్కి, అచ్చం ఆ పిల్లలాగే చేతులు చాపి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. నేను చప్పట్లు కొట్టాను. పోశవ్వ చీపురు తెచ్చింది.

"కోతివా, మనిషివా? కాలిరిగితే దవాఖాన సుట్టు ఎవలు తిరగాలె?"

సారలమ్మ తండ్రి రాయమల్లు కాక అప్పుడే షిఫ్టు దిగి వస్తున్నాడు. ఆయన టింబర్‌మన్. గనిలో కప్పు కూలకుండా కింద కట్టెదుంగలు నిలబెట్టడం ఆయన పని. మాట తక్కువ మనిషి. కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. మా వరండాకొచ్చి, నా షరతు తెలుసు కాబట్టి రెండుసార్లు చేతులు కడుక్కుని, "ఏది బిడ్డా, ఆ బొమ్మ జర సూపియ్యి" అన్నాడు. కట్టె బొమ్మ ఉన్న పేజీని చాలాసేపు చూశాడు. ఎంత పొడుగు, ఎంత ఎత్తు అని వేళ్లతో కొలుచుకున్నాడు.

వారం తిరక్కముందే వాళ్ల పెరట్లో ఒక దుంగ లేచింది. పొయ్యిలోకని డిపోలో ఇచ్చిన కట్టెల్లోంచి పొడుగాటిది ఏరుకొచ్చి, బెరడు తీసి, గాజుపెంకుతో నున్నగా గీకి, రెండు పంగలకర్రల మీద కదలకుండా బిగించాడు. కింద ఇసుక పోశాడు. ఆయన పనితనానికి వంక పెట్టడానికి లేదు.

ఇక చూడాలి సారలమ్మ తిప్పలు! ఎక్కడం, జర్రున జారడం, ఇసుకలో పడటం. నెల రోజులు రెండడుగులు కూడా వేయలేకపోయింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. పుస్తకంలో పిల్ల ఆరు పేజీల్లో నేర్చుకున్నది దీనికి ఏడాదిన్నర పట్టింది. కానీ నేర్చుకుంది. నడిచింది, ఒంటికాలి మీద గిర్రున తిరిగింది, ఎగిరి మళ్లీ దుంగ మీదే వాలింది. నేను అరుగు మీద కూర్చుని పేజీ పేజీ చూసి తప్పులు చెప్పేదాన్ని. ఎక్కమంటే నాకు కళ్లు తిరిగేవి, చెప్పమంటే మాత్రం మహా హుషారు.

కరీంనగర్‌లో జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేస్తున్నారని మా డ్రిల్ సార్ ఎడ్వర్డ్ కబురు తెచ్చాడు. కబడ్డీ తప్ప మరో ఆట తెలియని మనిషి, అయినా పేరు రాసిచ్చాడు. పోశవ్వ చిన్నమ్మ ఒక్కటే మాట అంది.

"తీసుకుంటె సరే. తీసుకోకుంటె మాత్రం ఇంటికొచ్చినంక ఆ దుంగను పొయ్యిల పెడ్త. మళ్ల నన్ను అడుగొద్దు."

అన్నంత పనీ చేస్తుంది. సారలమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

సారలమ్మ, కాక, చిన్నమ్మ, నేను, నలుగురం బస్సెక్కాం. అక్కడ హాల్లో పట్నం పిల్లలు తళతళలాడే బట్టల్లో ఉన్నారు. మా సారలమ్మ పాత చుడీదార్ పైజామాను మోకాళ్ల దాకా కత్తిరించి కుట్టించుకుంది. అసలు కట్టెను అది మొదటిసారి అక్కడే చూసింది. దగ్గరికి వెళ్లి అరచేత్తో తడిమింది.

"బాపూ, గిది పైన సాపుగున్నది!"

రాయమల్లు కాక మొహంలో నెత్తురు చుక్క లేదు. పుస్తకంలో కట్టెను పక్క నుంచి గీశారు. పై భాగం ఎలా ఉంటుందో తెలియదు. గనిలో రోజూ ఆయన చేతిలో పడే కట్టె గుండ్రంగానే ఉంటుంది, అందుకని అదీ అలాగే ఉంటుందనుకున్నాడు. "నా బిడ్డకు తప్పు నేర్పిన గదా గ్లోరియా" అన్నాడు నాతో. ఏడాదిన్నరగా ఆ బొమ్మ చూపిస్తూ పెత్తనం చేసింది నేను. నాకు ఏడుపొచ్చింది.

సారలమ్మ పేరు పిలిచారు. ఎక్కింది. ఒకడుగు వేసింది. పాదం వంక చూసుకుంది. రెండో అడుగు వేసి, ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది. గుండ్రటి దుంగ మీద ఆరితేరిన కాళ్లకు అది రాజీవ్ రహదారి! పరుగెత్తింది. గిర్రున ఒకసారి కాదు, రెండుసార్లు తిరిగింది. ఎగిరిన చోటే తడబాటు లేకుండా వాలింది. పట్నం పిల్లలు నాలుగడుగులకే ఊగిపోయిన కట్టె అది.

ఎంపిక చేసే మేడమ్ లేచి వచ్చింది. "ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మా బాపు. బొగ్గుబాయి దుంగ మీద."

రాయమల్లు కాక చేతులు కట్టుకుని జరిగింది చెప్పాడు. "గుండ్రటి దానిమీదనా?" అని మేడమ్ ముక్కున వేలేసుకుంది. చిట్టాలో మొదటి పేరు మా సారలమ్మదే రాసింది. రాష్ట్ర పోటీలు, తర్వాత మంచిర్యాలలో పిల్లలకు ఆటల టీచర్ కావడం, అవన్నీ అక్కణ్నుంచే మొదలు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. నేనేదో ఎగిరినట్టు!

అందరం గంతులేస్తున్నాం. పోశవ్వ చిన్నమ్మ మాత్రం లేచి, తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఒక్కపాలి మళ్ల చెయ్యమను."

"ఎందుకమ్మా? తీసుకున్నం గదా."

"నేను సూడలే. పడ్తదని బయమైంది. కొంగు కప్పుకొని కండ్లు మూసుకున్న."

హాలంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వి, ఎక్కమని సైగ చేసింది. పోశవ్వ చిన్నమ్మ కొంగు నడుముకు దోపుకుని కట్టె పక్కకే వెళ్లి నిలబడింది. సారలమ్మ మళ్లీ ఎక్కింది. ఈసారి వాళ్లమ్మ రెప్ప కూడా వేయలేదు.